కుటుంబం పట్టే కారు కుటుంబానికి చేటు!

ఎత్తుగా, వెడల్పుగా, రెండు కార్ల చోటు ఒక్కటే తినేసే కారు మనిషికి దేవుడిచ్చిన వరం. కాదనేవాళ్ళు నాతో వాదనకు రావచ్చు. కాకపోతే ముందు తమ కారును నా కారు పక్కన పెట్టి, తలుపు తెరుచుకుని, కిందికి దిగి రావాలి. దిగగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం!

ఇంత కటువుగా ఎందుకు మొదలుపెట్టానంటే, దేశానికి పెద్ద ఉపద్రవం వచ్చి పడింది. ఆ పెద్ద కార్ల కంపెనీ ఉంది చూడండి... పేరు చెప్పను, మా ఫ్యాక్టరీ బేరింగులు కొనేది వాళ్ళే... ఏళ్ళ తరబడి బుద్ధిగా ఏనుగుల్లాంటి ఎస్‌యూవీలు తప్ప మరొకటి తయారుచేయని ఆ కంపెనీ, ఉన్నట్టుండి మామూలు కుటుంబ హ్యాచ్‌బ్యాక్‌ను మళ్ళీ మార్కెట్‌లోకి దింపింది.

టీవీలో ప్రకటన చూశారా? ఒక తల్లి, ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు కారు దగ్గరికి నడిచి వస్తారు. తలుపులు తీస్తారు. కూర్చుంటారు. వెళ్ళిపోతారు. అయిపోయింది! కొండ ఎక్కరు, వాగు దాటరు, మంచులో జారరు, దూరంగా తోడేలైనా ఊళ వేయదు. కారు ప్రకటన ఇలాగా ఉండేది? ఇది చూసి ఏ మగవాడికి కారు కొనాలనిపిస్తుంది?

మా చాంగ్‌వన్ ఊళ్ళో దీని మీద రకరకాల అభిప్రాయాలు విన్నాను. మా క్యాంటీన్‌లో అందరూ దీన్ని ‘తోక తెగిన కారు’ అన్నారు. మా మంగలి బాంగ్ నా మెడ మీద కత్తి ఆనించి, “వెనక భాగం లేని కారు, వెనక జుట్టు లేని తల, రెండూ ఒకటే సార్” అన్నాడు. కత్తి మెడ మీద ఉన్నప్పుడు నేను ఎవరితోనూ విభేదించను. మా డైరెక్టర్ తాక్ గారు మాత్రం క్లుప్తంగా తేల్చేశారు. “అది పెళ్ళికాని కుర్రాళ్ళకోసం. లేదా వేయించిన కోడి తెచ్చిచ్చేవాళ్ళకోసం.”

అసలు మన కొరియాకు హ్యాచ్‌బ్యాక్‌ల శ్మశానమని పేరు. ఇక్కడికి వచ్చిన హ్యాచ్‌బ్యాక్ బతికి బట్టకట్టింది లేదు. అలాంటిది, శ్మశానంలోంచి లేచి వచ్చినదాన్ని ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు కదా!

నేను నా పెద్ద కారు కొని మూడేళ్ళయింది. దాని మహిమలు చెప్పమంటే ఈ పేజీ చాలదు.

కొన్న మొదటి వారమే సిగ్నల్ దగ్గర నా పక్కన తాక్ డైరెక్టర్ గారి కారు ఆగింది. ఆయనది పొడుగాటి నల్ల సెడాన్. నేను ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్ళ పైచిలుకులో మొట్టమొదటిసారి ఆయన తలెత్తి నన్ను చూశారు. నేను తల దించి ఆయన్ను చూశాను. పైనుంచి చూస్తే ఆయన నడినెత్తిన జుట్టు పల్చబడిందని తెలిసింది. ఆ నెలలోనే ఆయన నాకంటే ఎత్తయిన కారు కొన్నారు. ఆ పైనెల వైస్ ప్రెసిడెంట్ గారు ఆయనకంటే ఎత్తయినది కొన్నారు. ఇప్పుడు మా కంపెనీ పార్కింగ్‌లో నిలబడితే పర్వతశ్రేణి మధ్యలో నిలబడ్డట్టుంటుంది. సంస్థ ఎదుగుదల అంటే ఇది కాదా?

ఇక వ్యాయామం మాట. మా అపార్ట్‌మెంట్ కట్టిన రోజుల్లో కార్లు సన్నగా ఉండేవి, మనుషులూ సన్నగానే ఉండేవారు. నేల మీద గీతలు ఆ కొలతకే గీశారు. అందువల్ల బేస్‌మెంట్‌లోకి దిగకముందే నా భార్యనూ, కూతురినీ, కూరల సంచులనూ, పుచ్చకాయనూ బయటే దింపేసి, నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళి, కారును రెండు గీతల మధ్య ఇరికించి, జానెడు తెరుచుకున్న తలుపులోంచి ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని బయటపడతాను. ఏ యోగా గురువు నేర్పగలడండీ ఈ విద్య?

ఇరుగుపొరుగు స్నేహం సంగతి మరచిపోయాను. ఇదివరకు ఈ అపార్ట్‌మెంట్‌లో నా ముఖం ఎవరికీ తెలియదు. ఇప్పుడు అద్దం మీద పెట్టిన నా ఫోన్ నంబరు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. పొద్దున లేస్తే, “సార్, మీ కారు కాస్త జరుపుతారా?” అంటూ ఎంతమంది ఆప్తులు పలకరిస్తారో!

ఇన్ని వరాలిచ్చిన కారును మా ఇంట్లో ఒక్కరు మాత్రం మొదటిరోజు నుంచీ ఆమోదించలేదు. మా అమ్మ.

అమ్మ మాసాన్ చేపల బజారులో నలభై ఏళ్ళు చేపలమ్మిన మనిషి. పిట్ట కొంచెం, కూత ఘనం. మా పక్క బ్లాకులోనే కింది అంతస్తులో ఒక్కతే ఉంటుంది. కోడలితో సఖ్యంగా ఉండాలంటే మధ్యలో ఒక పార్కింగ్ స్థలమైనా ఉండాలని ఆమె సిద్ధాంతం. కారు కొన్న రోజున కొత్త బండిలో గుడికి తీసుకెళ్దామని పిలిచాను. స్నానాల గదిలో కూర్చునే ప్లాస్టిక్ పీట కింద వేసి, నేను వెనకనుంచి ఎత్తి, నా భార్య లోపలినుంచి చేతులు పట్టుకుని లాగి, మా అమ్మాయి “కుడికాలు, కుడికాలు!” అని అరుస్తూ ఉండగా, అమ్మ పైకెక్కి కూర్చుంది.

“ఒరేయ్, ఇది కారా, అటకా?” అంది.

ఆ వారం నుంచే అమ్మకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. ఎక్కడికి రమ్మన్నా, “మోకాలు సలుపుతోందిరా, మీరు వెళ్ళి రండి” అనేది. వయసు మీద పడింది పాపం అనుకున్నాను. ఎముకల డాక్టరు దగ్గరికి పంపి సూదులు వేయించాను. ఆ ఆసుపత్రికి ఆమె నడిచే వెళ్ళేది. బజారుకూ నడిచే వెళ్ళేది. గుట్ట మీది ఊటనీళ్ళు సీసాలతో నడిచే తెచ్చుకునేది. ముసలమ్మల క్లబ్బులో మధ్యాహ్నమంతా నేల మీద బాసింపట్టు వేసుకుని పువ్వుల బొమ్మల పేక ఆడేది. తోంగ్యోంగ్‌లో ఉన్న తన చెల్లెలి పుట్టినరోజు విందుకు మాత్రం మోకాలు సహకరించలేదు. మరుసటి ఏడూ సహకరించలేదు. జబ్బులు ఎంత చిత్రమైనవో కదా!

ఇదిలా ఉండగా మా ఇంట్లో అంతర్యుద్ధం మొదలైంది. నా భార్య మిర్యోంగ్ ఇల్లిల్లూ తిరిగి పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. ఆమె పాత కారు ఒకనాడు నడిరోడ్డు మీద ప్రాణం విడిచింది. నేను సంతాపం ప్రకటించేలోపే ఆవిడ వెళ్ళి కొత్త కారు తెచ్చేసింది. నీలం రంగు. మామూలు. కుటుంబ. హ్యాచ్‌బ్యాక్!

“ఇదేమిటి?” అన్నాను.

“కారు.”

“మిగతాది ఏది?”

“ఏ మిగతాది?”

“వెనక భాగం!”

“అది మీ కారుకు పెట్టేశారట. అందుకే దానికి రెండున్నాయి” అంటూ తాళంచెవి ఊపుకుంటూ పైకి వెళ్ళిపోయింది.

ఇల్లాలి మాటకు ఎదురు చెప్పకపోవడమే సంసారానికి మంచిదని ఊరుకున్నాను. అయితే ఒక షరతు పెట్టాను. ఆ కారును మా బ్లాకు దగ్గర పెట్టకూడదు. చెత్త వేరుచేసే షెడ్డు వెనక, నలుగురి కంటా పడనిచోట పెట్టాలి. దానికీ మా ఇంటికీ ఏ సంబంధమూ ఉన్నట్టు కనిపించకూడదు.

“అలాగే” అంది మిర్యోంగ్. “అక్కడైతే తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది కూడా.”

అలా ఉండగా మా అమ్మాయి దారేకు సంబంధం కుదిరింది. కుదరడమేమిటి, వాళ్ళిద్దరే కుదుర్చుకున్నారు. పుసాన్‌లో పడవల కంపెనీలో పనిచేసే ప్యో ఇన్‌హ్యోక్ అనే కుర్రవాడు. ఇక మిగిలింది రెండు కుటుంబాలూ మొదటిసారి ఎదురెదురుగా కూర్చుని భోంచేయడం. పుసాన్ పాతబస్తీలో మూడో అంతస్తు మీద ఒక మంచి హోటల్లో, శనివారం మధ్యాహ్నానికి గది మాట్లాడారు.

ఆడపిల్ల తండ్రిగా నాకు కంటి మీద కునుకు లేదు. వియ్యాలవారి ముందు ఏం తింటామన్నది ముఖ్యమా? ఏం మాట్లాడతామన్నది ముఖ్యమా? ఏ కారులోంచి దిగుతామన్నదే ముఖ్యం! నా కారును కడిగాను. మైనం పూసి మెరిపించాను. చక్రాల మధ్య బురదను పళ్ళు తోముకునే బ్రష్షుతో తీశాను. దారే అది చూసి, “నాన్నా, పెళ్ళికూతురు నేనా, అదా?” అంది.

అమ్మను పిలిస్తే యథాప్రకారం మోకాలు పట్టుకుంది. “అటువైపు పిల్లాడి నాయనమ్మ వస్తోంది కదమ్మా, మనవైపు నువ్వు లేకపోతే బాగుండదు” అన్నాను. “ఫోటో తీసి చూపించండిరా” అంది. చివరికి దారే ఆమె పక్కన చతికిలబడి, “నాయనమ్మా, నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. ఆ పెళ్ళీ వద్దు, ఆ పిల్లాడూ వద్దు” అంది. అమ్మ మనవరాలి ముఖంలోకి చూసి నిట్టూర్చింది. “సరే, తాళ్ళు కట్టి ఎక్కించండి” అంది.

శనివారం వచ్చింది. సూటు తొడుక్కుని బేస్‌మెంట్‌కు వెళ్ళాను. నా కారు మెరుస్తోంది. దాని ముందు అడ్డంగా, గోడ కట్టినట్టు, నా కారుకంటే పెద్ద కారొకటి నిలబడి ఉంది.

కంగారు పడలేదు. మన అపార్ట్‌మెంట్ల మర్యాద మీకు తెలిసిందే. అడ్డంగా పెట్టినవాడు గేరు తీసేసి, చక్రాలు వదిలేసి వెళ్తాడు. అవసరమైనవాడు చేత్తో అటో ఇటో తోసుకుంటాడు. వెళ్ళి తోశాను. కదల్లేదు. భుజం ఆనించి తోశాను. అపార్ట్‌మెంట్‌ను తోసినట్టుంది. ఆ మహానుభావుడు బ్రేకు వేసుకుని మరీ వెళ్ళాడు!

అద్దం మీది నంబరుకు ఫోన్ చేశాను. మోగింది. ఎక్కడ మోగింది? ఆ కారులోనే మోగింది! ఫోను సీటు మీద పెట్టేసి, ఎవరితోనో కొండలెక్కడానికి వెళ్ళాడట ఆ పెద్దమనిషి. ఫోన్ సీటు మీదనుంచి వెలుగుతూ ఆరుతూ నన్ను వెక్కిరిస్తోంది. పరుగెత్తుకొచ్చి ఆ సంగతి చెప్పిన కాపలా మనిషి చియోన్ నాతో కలిసి తోశాడు. నా టై అతని టోపీకి చుట్టుకుంది.

అప్పుడు వెనకనుంచి సన్నగా హారన్ వినిపించింది. చెత్త షెడ్డు వెనకనుంచి వచ్చిన నీలం కారు నా పక్కన ఆగింది. అద్దం కిందికి దిగింది.

“ఎక్కుతారా, తోస్తూనే ఉంటారా?” అంది మిర్యోంగ్.

నేను ముందు సీటువైపు చూస్తూ ఉండిపోయాను. అమ్మ అక్కడ కూర్చుని ఉంది! సీటుబెల్టు పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, పండగ బట్టల్లో, ఆ సీటు తన కోసమే కుట్టించినట్టు కూర్చుని ఉంది.

“నిన్నెవరు ఎక్కించారు?”

“ఎవరు ఎక్కించడమేమిట్రా? తలుపు తీశాను, కూర్చున్నాను, కాళ్ళు లోపల పెట్టుకున్నాను” అంది అమ్మ. “ఎక్కు, ఆలస్యమవుతోంది. అటువైపు ఆవిడకు టైం పట్టింపు ఎక్కువట.”

నేను దారే పక్కన వెనక సీట్లో కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగలలేదు. తగులుతాయని ఎంతో ఆశపడ్డాను. హైవే మీద ఎక్కడ చూసినా లారీల చక్రాలే కనిపించాయి. పక్క కార్లవాళ్ళు పైనుంచి నా నడినెత్తిని చూస్తున్నారేమోనని తల మీద చెయ్యి పెట్టుకున్నాను. అమ్మ మాత్రం దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. మిర్యోంగ్ పకపకా నవ్వుతూనే ఉంది. అత్తాకోడళ్ళ మధ్య పార్కింగ్ స్థలం లేకపోతే ఏం జరుగుతుందో చూశారా?

హోటలుకు రెండు సందుల ముందే, “ఇక్కడ నన్ను దింపేయ్, నడిచి వస్తాను” అన్నాను.

“ఎందుకురా?” అంది అమ్మ.

“గాలి కోసం.”

“పిల్ల తండ్రి నడిచొస్తే ఆ కారు కూడా లేదనుకుంటారు. కూర్చో!”

హోటలు కింద కార్లు పెట్టుకునే టవరుంది. ఇనుప పలక మీద కారు ఎక్కిస్తే యంత్రం దాన్ని ఎత్తి పై అరలో పెడుతుంది. పాతకాలపుది. ఆ టవరు నోటి దగ్గర ఒక బ్రహ్మాండమైన నల్లకారు అడ్డంగా నిలబడి ఉంది. విజిల్ పెట్టుకున్న మనిషి రెండు చేతులూ గుణకారం గుర్తులా పెట్టి, “పట్టదు సార్! తల పట్టదు! మొత్తం పట్టదు!” అని అరుస్తున్నాడు. వెనక సందంతా హారన్లు. స్టీరింగ్ వెనక సూటు వేసుకున్న పెద్దమనిషి చెమటలు కక్కుతున్నాడు. పక్కన పండగల హాన్‌బోక్ దుస్తులు కట్టుకున్న ఆడమనిషి ముఖం గంటు పెట్టుకుని ఎటో చూస్తోంది. వెనక తలుపు తెరుచుకుని, ఒక ముసలావిడ ఒక కాలు గాల్లో వేలాడదీసి, దిగలేక, లోపలికి పోలేక నిలిచిపోయింది.

“అబ్బ! ఎంత కారు!” అన్నాను నేను. నా గుండె పొంగింది.

దారే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “నాన్నా... అది ఇన్‌హ్యోక్ వాళ్ళ నాన్నగారు.”

నా గుండె ఎక్కడిదక్కడ ఆగింది. వియ్యంకుడు అంత కారులో! నేను ఇందులో! సీటు కిందికి జారిపోదామనుకున్నాను. కానీ ఈ దిక్కుమాలిన కారులో సీటు కింద చోటెక్కడిది?

అప్పుడే నా కళ్ళు ఆ నల్లకారు నంబరు మీద పడ్డాయి. అంకెల మధ్యలో ‘హో’ అనే అక్షరం. ఆ అక్షరమున్నది అద్దె కారని మన దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? మా కారు కొనకముందు నేనూ రెండుసార్లు అలాంటిది తెచ్చుకున్నవాణ్ణే.

నేను ఆ అక్షరం గురించి ఆలోచించేలోపే అమ్మ కారు దిగేసింది. చేపల బజారులో వేలం పాడే గొంతుతో, “ఎవరైనా ఒక పీట తెండయ్యా! అలా చూస్తూ నిలబడ్డారేం?” అని హోటలువైపు కేకేసింది. పీట వచ్చింది. అమ్మ ఆ ముసలావిడ నడుం పట్టుకుంది.

“భయపడకండి వదినగారూ. ముఖం అటు తిప్పి, వెనక్కి దిగండి. ఇలాంటి అటక మా ఇంట్లోనూ ఉంది.”

“ఎక్కేటప్పుడు ముగ్గురు ఎక్కించారమ్మా” అంది ఆవిడ, పీట కోసం కాలితో వెతుకుతూ.

“మాకూ ముగ్గురే” అంది అమ్మ.

మిర్యోంగ్ ఆ నల్లకారును ఒరుసుకుంటూ ముందుకు పోనిచ్చి, నీలం కారును ఇనుప పలక మీద ఎక్కించింది. రొట్టె పొయ్యిలోకి వెళ్ళినట్టు అది లోపలికి వెళ్ళిపోయింది. విజిల్ మనిషి వంగి నమస్కారం పెట్టాడు. నా పెద్ద కారుకు ఇంతవరకు ఏ పార్కింగ్ మనిషీ నమస్కారం పెట్టలేదు. చూడగానే పారిపోతారు.

పైన గదిలో, ముందే వచ్చి ఉన్న ఇన్‌హ్యోక్‌తో సహా అందరం కూర్చున్నాం, పిల్లాడి తండ్రి తప్ప. సూప్ వచ్చింది. చల్లారింది. టైం పట్టింపు ఎక్కువన్న వియ్యపురాలు గడియారం చూడదు, తలుపు చూడదు, కిమ్చీ ఊరగాయ గిన్నెలోకే చూస్తోంది. పిల్లలిద్దరూ బల్ల కింద చేతులు పట్టుకుని ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నారు. ఈ సంబంధం ఇక్కడే తెగుతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. చాలాసేపటికి ప్యో గారు వచ్చారు. ఎక్కడో రేవు దగ్గర ఖాళీ చోటు దొరికితే పెట్టి, ఆ ఎత్తు దారంతా నడిచొచ్చారట. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ఎదురెదురుగా వంగి నమస్కారాలు చేసుకున్నాం. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. వాతావరణం అయిపోయింది.

“బావగారూ, మీరు దేంట్లో వచ్చారు?” అన్నారు ప్యో గారు, మొహం తుడుచుకుంటూ.

“అదీ... మాకు పెద్ద కారుంది. ఈ రోజే సర్వీసింగ్‌కు ఇచ్చాను” అన్నాను గంభీరంగా.

“సర్వీసింగా?” అంది అమ్మ, చేపముక్కలో ముల్లు తీస్తూ. “ఇంటికింద ఇరుక్కుపోయి ఉందయ్యా. ఎవడో అడ్డం పెట్టి పోయాడు. ఫోన్ చేస్తే కారే మోగింది! వీడూ కాపలావాడూ కలిసి, పెళ్ళికెళ్ళే ఎద్దుల్లా దాన్ని తోస్తున్నారు.”

నేను చల్లారిపోయిన సూప్‌ను ఊదుకోవడం మొదలుపెట్టాను.

ముందు నవ్వింది పిల్లాడి నాయనమ్మ. నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. ఆ వెనక మా మిర్యోంగ్. ఆ వెనక, ఎవరూ ఊహించని విధంగా, వియ్యపురాలు. ఆవిడ చెంచా కింద పెట్టి, భర్తవైపు తిరిగి, “చెప్పండి. మీరూ చెప్పేయండి. నాకు కడుపులో అన్నం దిగడం లేదు” అంది.

ప్యో గారి చెవులు ఎర్రబడ్డాయి. “బావగారూ... అది అద్దె కారండీ. మాకున్నది చిన్నది. మీకు పెద్ద కారుందని మావాడు చెప్పాడు. మొదటిసారి కలుస్తున్నాం, మీ ముందు తక్కువగా దిగడం ఎందుకని...”

“నాకు చిన్న కారే బాగుంటుందని మొత్తుకున్నాను. వింటేనా!” అంది ఆయన తల్లి.

నాకు ఆ ‘హో’ అక్షరం ముందే కనిపించిందని చెప్పలేదు. ఆయన గ్లాసు నింపి, “కారులో ఏముంది బావగారూ” అన్నాను. ఈ మాట నా నోటినుంచి వచ్చినందుకు నేనే ఉలిక్కిపడ్డాను.

పాఠకులారా, జరిగిన నష్టం గమనించండి. సంప్రదాయం ప్రకారం రెండు కుటుంబాలు ఒకళ్ళనొకళ్ళు తూకం వేసుకుంటూ, బిగుసుకుని, నెలల తరబడి మర్యాదగా బాధపడాలి. అలాంటిది, ఒక్క హ్యాచ్‌బ్యాక్ దెబ్బకు భోజనం పూర్తికాకముందే పెళ్ళి వసంతంలో అని తేలిపోయింది. ఇద్దరు ముసలమ్మలూ ఒకరి పళ్ళెంలో ఒకరు చేప వడ్డించుకున్నారు. ప్యో గారు నన్ను పక్కకు పిలిచి, “మీ నీలం కారు ఏ షోరూంలో కొన్నారు?” అని రహస్యంగా అడిగారు. దేశం ఎటు పోతోంది?

దారే పుసాన్‌లోనే ఇన్‌హ్యోక్‌తో ఉండిపోయింది. మేం ముగ్గురం తిరుగు ప్రయాణమయ్యాం. అమ్మ సీటుబెల్టు పెట్టుకుని, మిర్యోంగ్‌తో మెల్లగా అంది. “ఇంకా పొద్దుంది కదే. తోంగ్యోంగ్ మీదుగా పోదామా? చెల్లెలి ముఖం చూసి మూడేళ్ళయింది.”

మిర్యోంగ్ కారును సముద్రం వంతెనవైపు తిప్పింది.

వెనక సీట్లో ఒక్కణ్ణే కూర్చుని కాసేపు ఆలోచించాను. ఆలోచించడం నాకు అలవాటు లేని పని. పెద్ద కారులో ఆ అవసరం రాదు.

“అమ్మా, నిజం చెప్పు. నీ మోకాళ్ళకు ఏమైంది?”

“ఏం కాలేదు.”

“మరి అన్ని సూదులు వేయించానే!”

“వేయించావు. శ్రద్ధగా వేయించావు. అందుకే వేయించుకున్నాను.”

“ఎక్కలేకపోతున్నాను అని ఒక్క మాట చెబితే ఏం పోయిందే?”

అమ్మ వెనక్కి తిరగలేదు. నాకు చెప్పాలని కాదేమో, తనలో తాను అనుకున్నట్టు గొణిగింది.

“అంత ఎత్తున కూర్చుని ఎంత సంబరపడిపోయావురా. చిన్నప్పుడు కూడా నిన్నెప్పుడూ అలా చూళ్ళేదు. నిన్ను కిందికి దింపడం ఎందుకులే అనుకున్నాను.”

మిర్యోంగ్ రేడియో పెట్టబోయి, మానేసింది.

ఇప్పుడు చెప్పండి! ఇలాంటి కారును దేశం మీదికి వదలడం న్యాయమేనా? పెద్ద కారులో ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఎంత దూరం! తల్లి గొణిగితే కొడుకు చెవిన పడే ప్రమాదమే లేదు. ఈ బుల్లి కారులో ఒక్క అక్షరం కూడా తప్పించుకోలేం. తల తిప్పుకుందామన్నా, తిప్పుకున్న చోట కూడా అమ్మ భుజమే కనిపిస్తుంది. కంపెనీవారు చక్రాలు పరీక్షించి ఉంటారు, బ్రేకులు పరీక్షించి ఉంటారు. ఈ లోపాన్ని ఎవరైనా పరీక్షించారా?

ఇంకొక అభ్యంతరం కూడా ఉంది, చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం వంతెన మీద వెళ్తుంటే పక్కగోడ అడ్డం వచ్చి సముద్రం సగమే కనిపించింది. నా పెద్ద కారులో అయితే గోడ మీదుగా మొత్తం కనిపించి ఉండేది, ద్వీపాలతో సహా. నా పక్క సీట్లో ఎవరికి కనిపించి ఉండేదని మాత్రం నన్నడగకండి.